ఎవరి అభిప్రాయం వారిదేనా?



ధమ్మ మిత్రులారా, మన ఊళ్లల్లో వాదన ఎటూ తెగనప్పుడు ఎవరో ఒక పెద్దమనిషి లేచి ఒక మాట అంటాడు. "సరే తియ్యి, ఎవరి అభిప్రాయం వాళ్లది." అందరూ తలలు ఊపుతారు. చాయ్ తెప్పిస్తారు. గొడవ సద్దుమణిగినట్టే ఉంటుంది. చాలాసార్లు ఆ మాట మంచిదే. వంకాయ కూర బాగుంటదా, బెండకాయ బాగుంటదా అన్న దగ్గర అంతకు మించిన తీర్పు లేదు.

కానీ అదే మాట ఇంకా ఎక్కడెక్కడ వినపడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కరీంనగర్‌లోనో మంచిర్యాలలోనో మనవాడు కిరాయి ఇల్లు అడగడానికి పోతాడు. ఉద్యోగం అడుగుతారు, ఊరు అడుగుతారు, ఆఖరికి "మీరు ఏమోళ్లు?" అని అడుగుతారు. చెప్పంగనే ముఖం మారిపోతుంది. "మా ఇంట్ల పెద్దోళ్లు ఒప్పుకోరు బాబూ, వాళ్ల అభిప్రాయం వాళ్లది, మేమేం చేస్తం" అని తలుపు దగ్గరికి వేస్తారు. మరోచోట, కూలి గిట్టక, పిల్లగానికి ఫీజు కట్టలేక కుమిలే తల్లి "పోయిన జన్మల ఏం పాపం చేసిన్నో, నా తలరాత" అంటుంది. పక్కన చదువుకున్న కొడుకు "ఆమె నమ్మకం ఆమెది" అని ఊరుకుంటాడు. ఇంకోచోట, జ్వరం తగ్గని పిల్లను చూసి "ఫలానా ముసలామె ఏదో చేసింది" అని ఒకరంటే, పక్కింటాయన "ఏమో, ఎవరి నమ్మకం వాళ్లది" అని చల్లగా జారుకుంటాడు.

వంకాయ కూర దగ్గర చెల్లిన మాట ఇక్కడా చెల్లుతుందా? ఒక అభిప్రాయాన్ని ఇది మంచిది, ఇది చెడ్డది అని తూచవచ్చునా?

తథాగతుడు అష్టాంగ మార్గంలో మొట్టమొదట సమ్మా దిట్ఠిని, అంటే సమ్యక్ దృష్టిని పెట్టాడు. సరైన దృష్టి అనేది ఒకటి ఉన్నదంటే సరికానిది కూడా ఉన్నట్టే గదా. దానికి మిచ్ఛా దిట్ఠి అని పేరు కూడా ఉంది. అంటే మన ధమ్మం ఈ ప్రశ్న దగ్గర తటస్థంగా లేదు, మొదటి అడుగులోనే ఒక పక్షం తీసుకున్నది. ఎందుకు తీసుకున్నదో, దానివల్ల మన మీద ఏ బాధ్యత పడుతుందో చూద్దాం.

ఇక్కడ చదువుకున్నవాళ్లు కొందరు బుద్ధుడి కథనే మనకు అడ్డం వేస్తారు. ఏనుగు, పుట్టుగుడ్డివాళ్ల కథ. "అందరిదీ ఎంతో కొంత నిజమే, ఎవరినీ తప్పు పట్టొద్దని మీ బుద్ధుడే చెప్పిండు గదా" అంటారు. ఆ కథ ఉదానంలో ఉంది, తెరిచి చూడండి. సావత్థిలో ఒక రాజు పుట్టుకతో చూపులేని వాళ్లను పిలిపించి ఏనుగును తడమమంటాడు. తల తడిమినవాడు కుండ అన్నాడు. చెవి పట్టుకున్నవాడు చాట అన్నాడు. దంతం పట్టినవాడు నాగలి కర్రు అన్నాడు, ఒళ్లు తడిమినవాడు గాదె అన్నాడు, తోక పట్టినవాడు రోకలి అన్నాడు. తర్వాత "ఏనుగంటే ఇట్లుంటది, అట్లుండదు" అని పిడికిళ్లతో గుద్దుకున్నారు. ఈ కథలో ఒక్కడు కూడా ఒప్పు చెప్పలేదు. ఏనుగు కుండా కాదు, చాటా కాదు. తమ తమ వాదాలను పట్టుకొని ఒకరినొకరు మాటలతో పొడుచుకుంటున్న పరివ్రాజకుల గురించి తథాగతుడు ఈ కథ చెప్పాడు. చెయ్యి తగిలిన మేరకే తెలిసి, మొత్తం తెలిసినట్టు కొట్లాడటాన్ని చూపించడానికి చెప్పాడు. (చూపు లేనివాళ్లను కించపరిచే కథ కాదిది, చూపుండి కూడా చుట్టూ తిరిగి చూడని మన గురించిన కథ.) ఏనుగు అనేది ఒకటి నిజంగా ఉంది. చుట్టూ తిరిగి తడిమితే ఎక్కువ తెలుస్తుంది, చాట దగ్గరనే ఆగిపోతే తెలియదు. ఈ కథను తెచ్చి "అన్ని అభిప్రాయాలూ సమానమే" అనేవాళ్లు చాట దగ్గర ఆగినవాళ్లే.

రెండో అడ్డంకి ఇంకా బలమైనది. "అభిప్రాయం మనసుల ఉండేది. పని చేస్తే తప్పు గని, అనుకుంటే తప్పేంది?"

నాలందలో సరిగ్గా ఈ ప్రశ్న మీద ఒక పెద్ద చర్చ జరిగింది. మజ్ఝిమ నికాయంలోని ఉపాలి సుత్తంలో అది ఉంది. ఉపాలి అనే గృహస్థుడు నిగంఠ నాతపుత్తుడి అనుచరుడు, కలిగినవాడు, పదిమందిలో పేరున్నవాడు. శరీరంతో చేసిందే అన్నిటికన్నా బరువైన తప్పు, మాటా మనసూ దాని తర్వాతనే అని వాళ్ల సిద్ధాంతం. కాదు, మనసుతో చేసేదే అన్నిటికన్నా బరువైనది అని తథాగతుడి మాట. ఉపాలి వాదంలో గెలిచి పోదామనే వచ్చాడు. తథాగతుడు అడిగిన ప్రశ్నల్లో ఒకటి ఇది. ఎంతో నిష్ఠగా ఉండే మనిషి నడిచిపోతుంటే కాలి కింద చిన్న చిన్న జీవులు చస్తాయి, దాన్ని మీ గురువు ఎట్లా లెక్కగడతాడు? కావాలని చేసింది కాదు గనుక అది పెద్ద తప్పు కాదు అన్నాడు ఉపాలి. మరి కావాలని చేస్తే? అప్పుడు పెద్ద తప్పే. ఆ 'కావాలని' అనేదాన్ని ఎందులో లెక్కగడతారు? మనసులోనే. ఉపాలికి జవాబు తన నోటి నుంచే వచ్చేసింది.

అంగుత్తర నికాయంలో ఇదే సంగతికి ఒక రైతు పోలిక ఉంది. వేపగింజను మంచి నేలలో పెట్టి మంచి నీళ్లు పోసినా, అది పీల్చుకున్న నేల సారం, నీటి సారం అంతా చేదుగానే మారుతుంది. చెరుకు పెడితే అదే నేల, అదే నీరు తీపిగా మారతాయి. దృష్టి ఆ విత్తనం లాంటిది. తప్పుడు దృష్టి ఉన్నవాడి మాట, పని, కోరిక అన్నీ దాని రుచికే తిరుగుతాయి. మనకు కిరాయికి ఇల్లు ఇయ్యని మనిషిని చూడండి. బయట చాలా మంచివాడై ఉండొచ్చు, గుడికి చందా ఇస్తాడు, పిల్లలను ముద్దుగా చూసుకుంటాడు. "వాళ్లు తక్కువోళ్లు" అన్న ఒక్క గింజ లోపల పడి ఉన్నందుకు ఆ మంచితనం కూడా మన దగ్గరికి వచ్చేసరికి చేదైపోతుంది. తన ఇంటి పవిత్రతను కాపాడుకుంటున్నా అనుకుంటాడే తప్ప చెడు చేస్తున్నా అనుకోడు. అభిప్రాయానికి ఉన్న బలం అదే, చెడ్డ పనిని మంచి పనిలాగ కనపడనిస్తుంది.

ఉత్తర తెలంగాణలో ఉన్నవాళ్లకు దీని గురించి దూరపు సాక్ష్యం అక్కర్లేదు. బాణామతి, చేతబడి. "మంత్రాల నెపంతో" అనే మాట మన జిల్లా పేజీల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. 2022 జనవరిలో జగిత్యాల టీఆర్ నగర్‌లో, కులసంఘం సమావేశం జరుగుతున్నచోటనే, ఒక తండ్రినీ ఆయన ఇద్దరు కొడుకులనూ పొడిచి చంపారు. మంత్రాలు చేస్తున్నారన్న అనుమానమే దానికి మూలం. పట్టణంలో, పట్టపగలు, నలుగురు పెద్దమనుషులు కూర్చున్న దగ్గర.

ఇట్లాంటివి ఎట్లా జరుగుతాయో మీకు తెలుసు. ముందు ఒక జ్వరం తగ్గదు, లేదంటే బర్రె పాలివ్వడం మానేస్తుంది, లేదంటే ఇంట్లో ఒకటి వెంబడి ఒకటి చావులు. చూయించుకోవడానికి పోతే అక్కడి మంత్రగాడు పేరు చెప్పడు, దిక్కు చెబుతాడు. "మీకు తూర్పు దిక్కున ఉన్నోళ్లే." ఆ దిక్కున ఎవరున్నారో వెతికే పని మనకు వదిలేస్తాడు. అప్పుడు దొరికేది ఎవరు? ఒంటరిగా బతికే ముసలామె. భూమి పంచాయితీ ఉన్న పాలివాడు. రాత్రిపూట చెట్ల మందుల కోసం తిరిగే మనిషి. బంగళా ఉన్నోళ్ల మీద, పది ఎకరాల తరి ఉన్నోళ్ల మీద అనుమానం పడ్డట్టు నేను ఇంతవరకు వినలేదు. మంత్రం నిజంగా ఉన్నదైతే అది ఇంత జాగ్రత్తగా బీదవాళ్లనే ఎందుకు వెతుక్కుంటుంది? ఆ తర్వాత చెట్టుకు కట్టేయడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, ఇంకా పైకి పోతే ప్రాణం తీయడం. కర్ర పట్టిన చెయ్యి ఒకటో రెండో ఉంటాయి, వాటిని కోర్టు చూసుకుంటుంది. కానీ ఆ చెయ్యి లేచేసరికి దాని వెనక వంద నోళ్లు ఉంటాయి. "ఏమో, ఉంటదేమో" అన్న నోళ్లు. "ఎవరి నమ్మకం వాళ్లది" అన్న నోళ్లు. వాటి మీద కేసు ఉండదు. కేసు ఉండాలని కూడా నేను అనను. కానీ అవి ఏ పాపం ఎరగని నోళ్లని మాత్రం ఒప్పుకోలేను.

ఈ జబ్బు పాతది. ఎంత పాతదంటే, తథాగతుడు బతికి ఉండగా ఇదే గోదావరి ఒడ్డున ఒకాయనకు ఇది తగిలింది. ఆయన పేరు బావరి. సుత్తనిపాతంలోని పారాయన వర్గం ఆయన కథతోనే మొదలవుతుంది. కోసల నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక దేశంలో, అళక దగ్గర, గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకున్న వేదపండితుడు. నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర గోదావరి పాయల నడుమ ఉన్న బాదన్‌కుర్తే ఆ స్థలమని కొందరు చరిత్రకారుల మాట. అటు ఆదిలాబాద్, ఇటు కరీంనగర్, నడుమ గోదావరి. అంటే ఇది మన కథ. ధూళికట్టలో స్తూపం లేవడానికి ఎంతో ముందే, ధమ్మం కోసం మన గడ్డ మీది నుంచి అడుగులు పడ్డ కథ.

బావరి పెద్ద యజ్ఞం చేసి ఉన్నదంతా దానం చేసేశాడు. అప్పుడు ఇంకో బ్రాహ్మణుడు వచ్చాడు. కాళ్లు వాచి, పళ్లు పాచిపట్టి, నెత్తి నిండా దుమ్ముతో. ఐదు వందలు ఇమ్మన్నాడు. నా దగ్గర ఏమీ మిగల్లేదయ్యా, క్షమించు అన్నాడు బావరి. ఇయ్యకపోతే ఏడో రోజుకు నీ తల ఏడు ముక్కలై పగులుతుంది అని ఏదో తతంగం చేసి శాపం పెట్టి పోయాడు ఆ వచ్చినవాడు.

బావరి అమాయకుడు కాదు, వేదాలు చివరిదాకా చదివినవాడు. అయినా తిండి మానేశాడు, ఎండిపోయాడు, ధ్యానంలో మనసు నిలవలేదు. మన దగ్గర బాణామతి జరిగిందని నమ్మినవాళ్లు ఎట్లయితరో అట్లనే అయ్యాడు. చదువు ఒక్కటే దీనికి మందు కాదని ఇక్కడే తెలుస్తుంది. డిగ్రీలున్న ఇళ్లల్లో గుమ్మాలకు వేలాడే గుమ్మడికాయలు కూడా మనకు అదే చెబుతాయి.

అప్పుడు ఒక దేవత వచ్చి బావరితో మాట్లాడిందని కథ. దేవతల సంగతి మనం ఎట్లా తీసుకోవాలో బాబాసాహెబ్ 'బుద్ధుడు ఆయన ధమ్మం'లో దారి చూపించారు. తథాగతుడు తర్కానికి, హేతువుకు నిలిచేవాడు, మనిషి మేలుకు పనికిరాని చర్చలోకి పోనివాడు, కాబట్టి దేన్ని ఆయన మాటగా తీసుకోవాలన్నా ముందు దానికి ఆ గీటురాయి పెట్టి చూడాలి. దేవతను పక్కన పెడితే, కథలో ఆ నోట పలికించిన మాట మాత్రం గట్టిది. వాడికి తల అంటే తెలియదు, తల పగలడమంటే తెలియదు, వాడు డబ్బు కోసం వచ్చిన మోసగాడు. చూశారా, ఒక అభిప్రాయాన్ని ఇక్కడ రెండు వైపుల నుంచి తూచారు. చెప్పినవాడికి చెప్పిన సంగతి తెలుసా? ఏ కోరికలో నుంచి ఆ మాట పుట్టింది?

బావరి పదహారుగురు శిష్యులను పంపించాడు. దేనికి పంపించాడో గమనించండి. శాపం పెట్టినవాణ్ణి పట్టి తెచ్చి పళ్లు ఊడగొట్టడానికి కాదు. తల అంటే ఏమిటి, తల పగలడం అంటే ఏమిటి అని అడిగి రమ్మని పంపించాడు. అజితుడు, పుణ్ణకుడు, మోఘరాజు, ముసలివాడైన పింగియుడు, ఇంకా మిగిలినవాళ్లు. పైఠన్, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశినార, వైశాలి దాటి మగధకు. బస్సు లేదు, రైలు లేదు. ఏడో రోజుకు వాళ్లు పైఠన్ చేరి ఉంటే గొప్ప. తల పగలాల్సిన రోజు దారిలోనే గడిచిపోయింది, గోదావరి ఒడ్డున బావరి తల బావరి మెడ మీదనే ఉంది. శాపం అబద్ధమని తేల్చడానికి ఆ ఎనిమిదో రోజు చాలు. కానీ ఎనిమిదో రోజు వచ్చినా భయం పోదు. శాపం తప్పినా ఇంకో శాపం వస్తుందేమో అని ఉంటుంది. అందుకే వాళ్లు నడుస్తూనే పోయారు.

తథాగతుడు ఇచ్చిన జవాబు సారం ఇది. అవిద్యే ఆ తల. శ్రద్ధ, ఎరుక, ఏకాగ్రత, పట్టుదల, ప్రయత్నం తోడుగా ఉన్న విద్యే ఆ తలను పగలగొట్టేది. భయపెట్టడానికి తెచ్చిన మాటనే తిప్పి భయాన్ని తీసే పనికి పెట్టాడు. శాపం పెట్టినవాడి గురించి ఆ కథలో తర్వాత ఎక్కడా రాదు. వాణ్ణి ఎవరూ వెతకలేదు, ఎవరూ కొట్టలేదు. వాడు చెప్పిన అభిప్రాయం మాత్రం నిలువలేదు. పింగియుడు బావరి దగ్గరికి తిరిగి వచ్చి తాను విన్నది చెప్పాడు. టీఆర్ నగర్‌లో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ మనుషులను చంపారు, అభిప్రాయం బతికే ఉన్నది.

తల మాట వచ్చింది గనుక తలరాత సంగతి కూడా చూడాలి. అంగుత్తర నికాయంలోనే ఇంకో సుత్తంలో తథాగతుడు మూడు రకాల వాదాలవాళ్లను పోయి నేరుగా అడిగాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ పోయిన జన్మల కర్మ వల్లనే అనేవాళ్లు, అన్నీ ఈశ్వరుడు చేసిందే అనేవాళ్లు, దేనికీ కారణమే లేదనేవాళ్లు. "మీ అభిప్రాయం మీది" అని ఆయన వాళ్లతో అనలేదు. అట్లయితే హత్య చేసినవాడు, దొంగతనం చేసినవాడు కూడా పోయిన జన్మ వల్లనే చేశాడనాలి గదా అన్నాడు. ఇది చేయాలి, ఇది చేయగూడదు అన్న ప్రయత్నానికే ఇక చోటు ఉండదు గదా అన్నాడు. ఈ ప్రశ్నను మీరు దగ్గర పెట్టుకోండి. ఏ అభిప్రాయం చెవిన పడ్డా అడగండి, ఇది నమ్మినాక మనిషి చేయడానికి ఏమన్నా మిగులుతుందా?

ఫీజు కట్టలేని ఆ తల్లి దగ్గరికి మళ్లీ పోదాం. తలరాత అనుకున్న తల్లి స్కాలర్‌షిప్ దరఖాస్తు అడగదు, కూలిరేటు అడగదు, పిల్లగాణ్ణి గురుకులంలో చేర్పించే తారీఖు కనుక్కోదు. ఆ అభిప్రాయం ఆమెను ఓదారుస్తున్నట్టే ఉంటుంది, ఆమె కూలి కొట్టినవాణ్ణి కాపాడుతుంది. పోయిన జన్మ పాపం అనే సిద్ధాంతం బీదవాళ్ల బతుకులకు సమాజం, ప్రభుత్వం జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి తప్ప ఇంక దేనికి పనికొస్తుందని బాబాసాహెబ్ అడిగింది ఇందుకే. కొడుకు "ఆమె నమ్మకం ఆమెది" అని ఊరుకుంటే అది తల్లిని గౌరవించినట్టు కాదు, తల్లిని ఒంటరిగా వదిలినట్టు.

"అభిప్రాయాలకు తీర్పు చెప్పడానికి మీరెవరు?" అని మనల్ని అడుగుతారు. అడగాలి కూడా. రాజ్యాంగం 25వ అధికరణం ప్రతి మనిషికీ అంతఃకరణ స్వేచ్ఛ ఇచ్చింది. అది రాసిన కమిటీకి అధ్యక్షులు మన బాబాసాహెబే. అదే రాజ్యాంగం 17వ అధికరణంలో అంటరానితనాన్ని రద్దు చేసింది. ఈ రెండూ కొట్లాడుకోవు. ఏదైనా నమ్మే హక్కు నీకుంది అంటే, నువ్వు నమ్మింది మంచిదే అని ముద్ర వేసినట్టు కాదు. నిన్ను జైల్లో పెట్టము అని మాత్రమే. తప్పు అని చెప్పే హక్కు ఎదుటివాడికీ అంతే ఉంది.

బాబాసాహెబ్ ఆ హక్కును ఎట్లా వాడుకున్నారో 1936 చెబుతుంది. లాహోర్ జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు సభకు అధ్యక్షత వహించమన్నారు. ప్రసంగం ముందుగా చూసి బెదిరిపోయి, కొన్ని భాగాలు తీసేయమన్నారు. ఒక కామా కూడా మార్చనని ఆయన రాశారు. సభ జరగలేదు. ఆయన సొంత డబ్బులతో 1500 ప్రతులు అచ్చువేయించారు. అదే 'కుల నిర్మూలన'. అందులో ఆయన చెప్పింది ఇక్కడ మనకు బాగా అవసరం. హిందువులు కులం పాటిస్తున్నది మనసు లేక కాదు, తలకాయ చెడి కాదు, వాళ్లకు మతం మీద ఉన్న భక్తి వల్ల. కాబట్టి పోరాడాల్సింది మనిషితో కాదు, కులాన్ని పవిత్రమని చెప్పే శాస్త్రంతో. గాంధీ దాన్ని విమర్శిస్తూ తన పత్రికలో రాశారు. బాబాసాహెబ్ ఏం చేశారు? 1937లో వేసిన రెండో ముద్రణలో గాంధీ విమర్శను కూడా చేర్చి, దాని పక్కన తన జవాబు అచ్చువేశారు. చదివేవాడు రెండూ చదివి తూచుకోవాలి. అభిప్రాయానికి తీర్పు చెప్పడం అంటే ఇది. ఎదుటివాడి మాటను దాచి గెలవడం కాదు.

వాట్సాప్‌లో బాబాసాహెబ్‌ను తిడుతూ ఏదో వస్తే మనవాళ్ల రక్తం మరుగుతుంది. మరగడం సహజమే. కానీ దీఘ నికాయం మొదటి సుత్తం, బ్రహ్మజాల సుత్తం, ఎట్లా మొదలవుతుందో చూడండి. రాజగృహం నుంచి నాలంద పోయే దారిలో ఒక గురువు తథాగతుణ్ణి, ధమ్మాన్ని, సంఘాన్ని తిడుతూ నడుస్తాడు, అతని శిష్యుడు పొగుడుతూ నడుస్తాడు. భిక్షువులు దీని గురించి మాట్లాడుకుంటుంటే తథాగతుడు చెప్పింది ఇది. తిట్టినవాడి మీద కోపం తెచ్చుకుంటే, వాడన్నది నిజమా కాదా అని తెలుసుకునే శక్తి మీకు పోతుంది. తప్పైతే, ఇందువల్ల తప్పు అని విప్పి చెప్పండి. పొగిడినవాణ్ణి చూసి కూడా పొంగిపోకండి. ఆ మాటల తర్వాత ఆయన ఆనాటి 62 దృష్టులను ఒక్కొక్కటిగా విప్పి చూపించాడు. కోపం లేకుండా 62. మనకు ఒక్కదానికే గొంతు పూడుకుపోతుంది.

అన్నిటినీ తూచాల్సిన పని లేదు కూడా. లోకం శాశ్వతమా కాదా అని అడిగిన మాలుంక్యపుత్తుడికి తథాగతుడు బాణం తగిలినవాడి పోలిక చెప్పాడు. బాణం ముందు పీకాలి, వేసినవాడి గోత్రం తర్వాత. మన మీటింగుల్లో మూడు గంటలు అట్లాంటి చర్చల్లో పోయి, బయట వాడలో పిల్లలు బడి మానేసిన సంగతి పది నిమిషాల్లో ముగుస్తుంది. ఇది నాకు నచ్చదు.

ఇక తక్కెడ మన వైపు తిప్పుకోవాలి. కాలాములకు కేసపుత్తంలో తథాగతుడు చెప్పింది మనవాళ్లకు నోటికి వచ్చు. విన్నాము అని, పరంపరగా వస్తుంది అని, గ్రంథంలో ఉంది అని నమ్మకండి. ఆ జాబితా చివర ఇంకొకటి ఉంది, దాన్ని తొందరగా దాటేస్తాం. మా గురువు చెప్పాడు అని కూడా నమ్మకండి. "బాబాసాహెబ్ చెప్పిండు, అంతే" అన్న మాట ఆ గీటు మీద నిలువదు. ఆయన అట్లా నమ్మించుకోవాలనుకుంటే అన్ని ఆధారాలతో, అన్ని వాదాలతో అన్ని వేల పేజీలు రాసేవారే కాదు. ఈ సుత్తాన్ని "ఎవరికి నచ్చింది వాళ్లు నమ్మొచ్చు" అని చదివేవాళ్లు కూడా సగంలో ఆపినవాళ్లే. ఇది లోభం నుంచి వచ్చిందా, ద్వేషం నుంచి వచ్చిందా, మోహం నుంచి వచ్చిందా, దీన్ని పట్టుకుంటే మేలా, కీడా, తెలిసినవాళ్లు దీన్ని మెచ్చుతారా అని ఆయన కాలాములతోనే జవాబు చెప్పించాడు.

ఈ ప్రశ్నలు మన ఇంటి పెళ్లి సంబంధం దగ్గర వేసుకుందాం. 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో బాబాసాహెబ్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మనుషులందరూ సమానమని నమ్ముతానన్నది ఒకటి. గోడ మీద తథాగతుడి ఫోటో, బాబాసాహెబ్ ఫోటో పెట్టుకొని, ఆ కిందనే కూర్చొని, సంబంధం తెచ్చినాయనను "వాళ్లు మాలోళ్లా, మాదిగోళ్లా, నేతకానోళ్లా?" అని అడుగుతున్న ఇళ్లు ఎన్ని? అడిగితే "మా పెద్దోళ్ల అభిప్రాయం వాళ్లది" అంటారు. కిరాయి ఇల్లు ఇయ్యని కరీంనగర్ ఆసామి కూడా ఇదే మాట అన్నాడు. ఆయన నోట్లో చేదైంది మన నోట్లో తీపి ఎట్లయితది?

చివరగా ఇంట్లో ఉన్న పెద్దవాళ్ల సంగతి. మీరు దీక్ష తీసుకున్నారు, మీ అమ్మ తీసుకోలేదు. ఆమె వేములవాడ మొక్కు అంటుంది, పోచమ్మ బోనం అంటుంది. ఆమెతో ఎట్లుండాలి? ఉపాలి కథలో మిగిలిన భాగం చెప్పాలి. వాదం ముగిసి, నేను మీ ఉపాసకుణ్ణి అని ఉపాలి అన్నప్పుడు, నీలాంటి పేరున్నవాడు బాగా విచారించుకుని నిర్ణయం తీసుకోవాలి, తొందర వద్దు అన్నాడు తథాగతుడు. ఆ తర్వాత, ఇన్నాళ్లూ నీ ఇల్లు నిగంఠులకు బావిలాగ ఉంది, వాళ్లు వస్తే భిక్ష పెట్టడం మానకు అన్నాడు. వాళ్ల సిద్ధాంతాన్ని ఇంతకు ముందే తప్పని తేల్చిన మనిషి అన్నాడు ఆ మాట. మీరు పూజలో కూర్చోరు, అది మీ ప్రతిజ్ఞ. కానీ అమ్మ మోకాళ్ల నొప్పుల గోలీలు మీరే తేవాలి, ఆమెను బస్సు ఎక్కించాల్సి వస్తే మీరే ఎక్కించాలి, ఆమె అడిగినప్పుడు ఎందుకు మారారో నెమ్మదిగా చెప్పాలి. అడగనప్పుడు రోజూ గిచ్చకండి.

అదే అమ్మ ఒకనాడు "పక్కవాడ ముసలామె చూపు మంచిది కాదు, పిల్లకు జ్వరం అందుకే తగుల్తలేదా?" అంటే మాత్రం ఆ పూట ఊరుకోవద్దు. తెల్లారిదాకా ఆగొద్దు. అది మొక్కు లాంటిది కాదు, ఇంకో మనిషి ప్రాణం మీదికి పోయే మాట. వానాకాలం విషజ్వరాల కాలం. పిల్లను పీహెచ్‌సీకి తీసుకపోయి రక్తపరీక్ష చేయించండి. చీటీ తెచ్చి ఇంట్లో అందరి ముందు చదవండి. ఆ తర్వాత ఆ ముసలామె ఇంటికి పోయి, వాడ వాడంతా చూస్తుండగా, అరుగు మీద కూర్చొని ఆమె పెట్టిన చాయ్ తాగి రండి.